ధర్మవరం చీరా, దుబాయి గొలుసూ

పుట్టపర్తిలో ప్రశాంతి నిలయం గణేశ్ గేటు ముందరి వీధి. ఇటలీ నుంచి వచ్చిన ఒక భక్తురాలు అక్కడి అంగడిలో ధర్మవరం పట్టుచీర కొనుక్కుందనుకుందాం. చీర ధర 20,000 రూపాయలు. బిల్లు అడుగున రెండు వరుసలుంటాయి: సీజీఎస్టీ 2.5 శాతం, 500, ఎస్‌జీఎస్టీ 2.5 శాతం, 500. మొత్తం 21,000. పది రోజుల్లో ఆ చీర పెట్టెలో మడతగా బెంగళూరు విమానాశ్రయం దాటి పోతుంది. పన్నుగా కట్టిన వెయ్యి రూపాయలు మాత్రం ఇక్కడే ఉండిపోతాయి.

కదిరి నుంచి దుబాయికి పోయి భవన నిర్మాణంలో పనిచేసే మనిషి ఒకడు దేరా గోల్డ్ సూక్‌లో గొలుసు కొన్నాడనుకుందాం. గొలుసు 2,000 దిర్హాములు, మీద 5 శాతం వ్యాట్ 100 దిర్హాములు. నెల తిరక్కుండా ఆ గొలుసు కదిరిలో అతని భార్య మెడలో ఉంటుంది. వంద దిర్హాములు దుబాయిలోనే ఉంటాయి. అదే అంగడిలో అదే గొలుసును హైదరాబాదు నుంచి వారం రోజుల టూరుకు వచ్చినవారు కొంటే, తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఆ వందలో 80 దిర్హాముల 20 ఫిల్సు వాళ్ల చేతికి వస్తాయి.

రెండు బిల్లుల్లోనూ పన్ను అయిదు శాతమే. రెండు వస్తువులూ కొన్న దేశంలో నిలిచేవి కావు. సరుకు సరిహద్దు దాటితే పన్ను తిరిగివ్వాలన్న మాట రెండు దేశాల చట్టాల్లోనూ ఉంది. అయినా ఈ ఇద్దరికీ పైసా రాదు. ఒకచోట చట్టం అమల్లోకే రాలేదు. ఇంకోచోట చట్టం చక్కగా నడుస్తోంది గానీ ఈ మనిషిని లెక్కలోకి తీసుకోదు. పుట్టపర్తి, కదిరి రెండూ ఉన్నది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకంగా పడని అనంతపురం మెట్టలో. వేరుశనగ ఎండిపోయినప్పుడల్లా ఇక్కడి జనం పట్టుకునే దారుల్లో రెండు, మగ్గమూ వలసా. మగ్గం మీద తయారైన సరుకు దేశం దాటుతుంది. వలసలో మనిషే దాటుతాడు. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదవడానికి ఇంతకంటే తగిన చోటు నాకు కనిపించలేదు.

ముందు మూల న్యాయం. వినియోగం మీద వేసే పన్ను, సరుకును ఎక్కడ వాడతారో అక్కడికే చెందాలి. మన జీఎస్టీ కట్టిందే ఈ పునాది మీద. ఆంధ్రలో తయారైన వస్తువు తమిళనాడులో అమ్ముడైతే పన్నులో రాష్ట్రం వాటా తమిళనాడుకే పోతుంది. దేశమే దాటిపోయిన సరుకు మీద ఇక పన్ను నిలవకూడదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది, విదేశాలకూ పంపుతోంది. ఎగుమతైన కారు మీద ఐజీఎస్టీ (సమీకృత జీఎస్టీ) చట్టం 16వ సెక్షన్ ప్రకారం పన్ను సున్నా. ముందుగా కట్టినదేమైనా ఉంటే తిరిగి వస్తుంది. ఎర్రమంచి, ధర్మవరం, పుట్టపర్తి మూడూ ఒకే జిల్లాలోవి, 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి విడదీసిన శ్రీ సత్యసాయి జిల్లాలోవి. ఓడెక్కిన కారు మీద పన్ను లేదు, పెట్టెలో పోయిన చీర మీద ఉంది. అంతెందుకు, ఎగుమతి అనుమతి పత్రాలున్న వ్యాపారి ఆ చీరనే పార్సిల్ కట్టి ఆ ఇటలీకే పంపినా పన్ను ఉండదు. చీర అదే, చేరే ఊరు అదే, మోసుకుపోయిన మనిషి మారినందుకు వెయ్యి రూపాయల తేడా.

ఇది చట్టం రాసినవాళ్లకు తట్టని విషయమేమీ కాదు. 2017 నాటి ఐజీఎస్టీ చట్టంలో 15వ సెక్షన్ దీనికోసమే ఉంది. దేశం విడిచి వెళ్లే పర్యాటకుడు తన వెంట తీసుకెళ్లే సరుకు మీద కట్టిన ఐజీఎస్టీని, నిర్దేశించే షరతులకూ జాగ్రత్తలకూ లోబడి, వాపసు చేయాలన్నది దాని సారం. ఇంత మొత్తానికి తగ్గకుండా కొనాలని అందులో లేదు, వాపసులో ఇంత కోత పెడతామనీ లేదు. పర్యాటకుడంటే ఎవరో కింద వివరణ ఇచ్చారు. మామూలుగా భారతదేశంలో నివసించని మనిషి, ఆరు నెలలకు మించకుండా ఉండి పోవడానికి, స్థిరపడే ఉద్దేశం లేకుండా, చట్టసమ్మతమైన పని మీద వచ్చినవారు.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన పనితనం 8వ సెక్షన్‌లో ఉంది. ఒకే రాష్ట్రం లోపల జరిగిన అమ్మకం మీద పన్ను సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి పోతుంది. పుట్టపర్తి విమానాశ్రయం 1990లోనే వచ్చినా అక్కణ్ణుంచి విదేశాలకు విమానాలు లేవు. పరాయి దేశాల భక్తులు ఎక్కువగా వచ్చిపోయేది 2008లో దేవనహళ్లి దగ్గర తెరిచిన బెంగళూరు విమానాశ్రయం మీదుగానే. మరి ఆంధ్రప్రదేశ్ ఖజానాకు చేరిన 500 రూపాయలను కర్ణాటక గడ్డ మీద ఎవరు తిరిగివ్వాలి? ఈ చిక్కును ముందే పసిగట్టి, 15వ సెక్షన్‌లో చెప్పిన పర్యాటకుడికి చేసే అమ్మకాన్ని రాష్ట్రం లోపలి అమ్మకంగా లెక్కించకూడదని 8వ సెక్షన్‌లో రాశారు. అప్పుడు బిల్లు మీద రెండు వరుసలకు బదులు ఐజీఎస్టీ 5 శాతం అని ఒకటే వరుస వస్తుంది. వసూలు చేసేది కేంద్రం కాబట్టి ఏ రాష్ట్రంలోని విమానాశ్రయంలోనైనా తిరిగిచ్చేదీ కేంద్రమే. ఇన్ని రాష్ట్రాలున్న దేశంలో ఇంతకంటే సులువైన దారి నాకు తోచడం లేదు. రాసినవారికి తల వంచి నమస్కరించవలసిన పని.

ఆ తర్వాత జరిగింది చూస్తే మాత్రం బాధ కలుగుతుంది. ఐజీఎస్టీ చట్టంలో కొన్ని సెక్షన్లను 2017 జూన్ 22న, మరికొన్నింటిని జూలై 1న అమల్లోకి తెచ్చారు. 8వ సెక్షన్ జూలై 1 జాబితాలో ఉంది. 15 ఆ రెండు జాబితాల్లోనూ లేదు. ఏళ్లు గడిచినా ఆ ఖాళీ అలాగే ఉంది. చట్టంలో అచ్చయి ఉన్న హక్కు ఒక నోటిఫికేషన్ కోసం, నాలుగు నియమాల కోసం ఆగిపోయింది. మధ్యలో 2019లో ఒక చిన్న కదలిక వచ్చింది. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ దాటాక ఉండే దుకాణాలు బయటి దేశాలకు పోయేవారికి పన్ను లేకుండా అమ్మితే, ఆ దుకాణాలకు పన్ను వాపసు చేసే నియమం పెట్టారు. 2022లో దాన్ని మొదటి తేదీ నుంచే రద్దయినట్టు తీసేశారు. అది నిలిచి ఉన్నా మేలు పొందేది విమానాశ్రయం లోపలి అద్దాల దుకాణమే. ధర్మవరం వీధిలో చీరలమ్ముకునేవారి దాకా వచ్చేది కాదు.

దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశపు ఏర్పాటు మాటల్లో ఇంత ఉదారమైనది కాదు. 250 దిర్హాములకు తక్కువ కొంటే వాపసు లేదు. కొన్న అంగడి పథకంలో నమోదై ఉండాలి. కొన్నవారికి పద్దెనిమిదేళ్లు నిండాలి. 90 రోజుల్లోగా సరుకు దేశం దాటాలి. ఇన్నీ సరిపోయాక వచ్చేది వ్యాట్‌లో 85 శాతమే, అందులోంచి ప్రతి బిల్లుకూ 4 దిర్హాముల 80 ఫిల్సు రుసుము పోతుంది. పథకాన్ని నడిపేది ప్లానెట్ అనే ప్రైవేటు సంస్థ. కానీ తేదీలు చూడండి. అక్కడ వ్యాట్ మొదలైంది 2018 జనవరి 1న. అదే ఏడాది నవంబరు 18 నాటికి అబుదాబి, దుబాయి, షార్జా విమానాశ్రయాల్లో వాపసు మొదలైంది. పన్ను వేసిన ఏడాది తిరక్కముందే పన్ను తిరిగిచ్చే కౌంటరూ తెరిచారు.

ఆ కౌంటరు దగ్గర జరిగే పని గమనించదగింది. కొనేటప్పుడే అంగడివాళ్లు పాస్‌పోర్టు తీసుకుని వివరాలు నమోదు చేస్తారు. తిరుగు ప్రయాణం రోజు పెద్ద పెట్టెను విమాన సంస్థకు అప్పగించకముందే పర్యాటకుడు వాపసు కౌంటరుకు పోవాలి, ఎందుకంటే అడిగితే సరుకు చూపించాలి. పెట్టె అప్పగించేశాక గుర్తొస్తే చేయగలిగింది లేదు. సరుకు ఉందని తేలితే డబ్బు నగదుగానో కార్డులోకో వస్తుంది. సింగపూర్‌లో ఇదే పనిని ఎక్కువగా యంత్రాలే చేస్తాయి. అక్కడ జీఎస్టీ 2024 నుంచి 9 శాతం, కనీస కొనుగోలు వంద సింగపూర్ డాలర్లు. మన చట్టంలో జాగ్రత్తలు అని ఒక్క మాటతో వదిలేసిన చోట వాళ్లు మనుషుల్నీ యంత్రాల్నీ నిలబెట్టారు. తూచి చెప్పమంటే నా మొగ్గు ఇటే. నూటికి నూరు ఇస్తానని తొమ్మిదేళ్లుగా ఏమీ ఇవ్వని చట్టం కంటే, కోత కోసి అయినా ఎనభై చేతిలో పెట్టే చట్టం మేలు.

మన ప్రభుత్వం వెనకాడటానికి కారణాలు లేవని నేననను. దొంగ బిల్లుల భయం ఉంది. ఎన్నో అంతర్జాతీయ విమానాశ్రయాల్లో తనిఖీ పెట్టాలి. ఖర్చు ఎక్కువనే మాటకు పెద్ద దేశాల తోడు కూడా ఉంది. బ్రిటన్ తన పర్యాటక వాపసు పథకాన్ని 2021 జనవరి 1 నుంచి ఎత్తేసింది, ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం ఉంచింది. 2022 సెప్టెంబరులో దాన్ని మళ్లీ తెస్తామని ప్రకటించి, అక్టోబరులోనే వెనక్కి తీసుకుంది. కానీ బ్రిటన్ చేసింది చర్చించి, లెక్క చూసి, నలుగురి ముందూ వద్దనుకోవడం. అక్కడి వ్యాపారులు దాని మీద గట్టిగా పోట్లాడగలిగారు, ఎందుకంటే పోట్లాడటానికి ఒక నిర్ణయం ఎదురుగా ఉంది. మన దగ్గర ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. పుస్తకంలో ఉండి నేల మీద లేని హక్కు గురించి పుట్టపర్తి వ్యాపారి ఎవరిని అడగాలి?

చీర మీద వెయ్యి రూపాయల కోసం ఇంత యంత్రాంగమా అనేవారూ ఉంటారు. ఆ వెయ్యి కంటే దాన్ని రప్పించే కాగితం ముఖ్యమంటాను. వాపసు ఉంటే కొనేవారు బిల్లు అడుగుతారు. బిల్లులో సరుకు ఏమిటో రాయాలి, విమానాశ్రయంలో ఆ సరుకు చూపాలి. మరమగ్గం చీరను చేనేతగా అంటగట్టే అలవాటు ఎంత గట్టిదో ధర్మవరం నేతగాళ్లను అడిగితే తెలుస్తుంది. చేనేతకు కొన్ని రకాల వస్త్రాలను ప్రత్యేకించే చట్టం 1985 నుంచీ ఉంది. పట్టు అసలుదని చెప్పే సిల్క్ మార్క్ 2004 నుంచీ ఉంది. ధర్మవరం చేనేత పట్టుకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఇవన్నీ ఉన్నా, పరాయి దేశం మనిషికి అమ్మేచోట బిల్లు మీద ఆ పేరు రాయించే ఒత్తిడి అంగడివాళ్ల మీద లేదు. ధర్మవరం చేనేత పట్టు అని రాసి, గుర్తు వేసి ఇచ్చిన బిల్లుకే వాపసు అని నియమం పెడితే, తనిఖీ అధికారి చేయలేని పనిని కొనేవారే చేయిస్తారు. గుంతమగ్గం మీద రోజుల తరబడి కూర్చుని, జకార్డు పెట్టె చప్పుడులో కొంగు పూర్తిచేసే మనిషికి ఆ ఒత్తిడి వల్ల కలిగే మేలు వెయ్యి రూపాయల కంటే పెద్దది.

ఇక ఈ రెండు చట్టాల్లో ఎవరు లోపల, ఎవరు బయట అన్నది చూడాలి. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇదే.

ఎమిరేట్స్‌లో నివాస వీసా మీద ఉన్నవారికి వాపసు లేదు. సింగపూర్ కూడా అక్కడ ఇటీవల ఉద్యోగం చేసినవారిని బయట పెడుతుంది. పైకి ఇది సబబుగానే ఉంటుంది: అక్కడ ఉండేవారు అక్కడే వాడుకుంటారు కదా. అన్నం, గది అద్దె, ఫోను వరకూ ఆ మాట ఒప్పుకుంటాను. గొలుసు సంగతి వేరు. కదిరి కూలీ దుబాయిలో బంగారం కొనేది కదిరి కోసమే. పన్ను వాడేచోటికే చెందాలన్నది సూత్రమైతే, వారం టూరిస్టు గొలుసు కంటే ఇతని గొలుసుకే వాపసు హక్కు ఎక్కువ. చట్టం సరుకు ఎటు పోతోందో చూడకుండా వీసా ఏ రకమో చూస్తోంది. ఇలాగే ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. ఆస్ట్రేలియా 2000 జూలైలో జీఎస్టీ తెచ్చినప్పటి నుంచీ, దేశం దాటే ప్రయాణికులెవరికైనా, తమ సొంత పౌరులతో సహా, వాపసు ఇస్తోంది. ఒకే వ్యాపారి దగ్గర 300 డాలర్లు కొని ఉండాలి, 60 రోజుల్లోపు కొన్నదై ఉండాలి. మళ్లీ ఆ సరుకును వెనక్కి తెస్తే చెప్పాలి. అక్కడ కౌంటరు దగ్గర చూసేది సరుకు బయటికి పోతోందా లేదా అని. ఈ మూడింటిలో న్యాయానికి దగ్గరగా ఉన్నది ఆస్ట్రేలియాదే.

గల్ఫ్ అంతా ఒకటి కాదన్నదీ చెప్పాలి. రాయచోటి, కదిరి చుట్టుపక్కల పల్లెల నుంచి ఎక్కువమంది పోయే కువైట్‌లో వ్యాట్ లేనే లేదు. సౌదీలో 2020 జూలై నుంచి 15 శాతం. ఒకే ఊరి నుంచి పోయిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఒకరు కువైట్‌లో, ఒకరు రియాద్‌లో ఇళ్లల్లో పని చేస్తూ కొన్న సరుకులో ఎంత తేడా ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు మన కస్టమ్స్ మాత్రం వీళ్లను గుర్తిస్తుంది. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చినవారికి, మగవారికి 20 గ్రాములు, ఆడవారికి 40 గ్రాముల వరకు నగల మీద సుంకం లేదు. వారం టూరిస్టుకు ఆ వెసులుబాటు లేదు. ఈ లెక్క కూడా పక్కన పెట్టుకునే దుబాయిని తప్పు పట్టాలి. అయితే మన దేశం వదులుకున్న సుంకం దుబాయి ఉంచుకున్న వ్యాట్‌కు జవాబు కాదు.

మన 15వ సెక్షన్ ఇక్కడ ఒక వింత చేస్తుంది. పర్యాటకుడి వివరణలో పాస్‌పోర్టు ఊసు లేదు, పౌరసత్వం ఊసు లేదు. ఉన్నదల్లా మామూలుగా ఇక్కడ నివసించకపోవడం, ఆరు నెలల్లోపు పోవడం. రాసింది రాసినట్టు చదివితే, డల్లస్ నుంచి పెళ్లి చీరలు కొనడానికి ధర్మవరం వచ్చే తెలుగు కుటుంబం ఇందులోకి వస్తుంది. ఏళ్లుగా దుబాయిలో ఉంటూ రెండు నెలల సెలవు మీద కదిరికి వచ్చిన మనిషీ వస్తాడనే నా వాదన. పుట్టపర్తిలో ఏళ్ల తరబడి గది తీసుకుని ఉంటున్న విదేశీ భక్తులు మాత్రం రారు. అంటే మన చట్టం అమలైతే, దుబాయి చట్టం బయట నిలబెట్టిన వలస కూలీని సొంత ఊళ్లో లోపలికి రానిస్తుంది. కాకపోతే సెలవు ముగించుకుని పోయేటప్పుడు అతని పెట్టెలో ఉండేది పచ్చడి, చెనిక్కాయల పొడి, తెలిసినవాళ్ల ఇంటికి ఒక చీర. పెద్ద వాపసు రాకపోవచ్చు. డల్లస్ పెళ్లి చీరల మీద వస్తుంది. వివరణలోని ఈ విశాలత్వాన్ని నియమాలు రాసేటప్పుడు కుదించకూడదు. విదేశీ పాస్‌పోర్టు ఉంటేనే అని ఒక్క షరతు పెట్టినా, సెక్షన్ ఇచ్చినది నియమం లాగేసుకున్నట్టే.

రెండు చట్టాలకూ కలిసి ఉన్న లోటు ఇంకొకటి. పన్ను బిల్లు లేనిదే వాపసు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారం ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. సొంత మగ్గం మీద నేసి ఇంట్లోనే నాలుగు చీరలు అమ్ముకునే కుటుంబం నమోదులో ఉండదు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు అమ్మే దీపపు తొడుగులను పరాయి దేశాలవాళ్లు ఇష్టంగా కొంటారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఇళ్లల్లో కొంటే బిల్లు లేదు, బిల్లు లేకపోతే వాపసు లేదు. పన్నే వేయలేదు కదా, తిరిగిచ్చేదేమిటని అడగవచ్చు. నిజమే, కానీ పట్టునూలు మీద, జరీ మీద ఆ కుటుంబం కట్టిన పన్ను చీర ధరలో కలిసే ఉంటుంది. నమోదైన వ్యాపారి దాన్ని తన లెక్కల్లో సరిచేసుకుంటాడు. నమోదు లేని నేతగాడికి ఆ దారి లేదు. వాపసు పథకం పెద్ద అంగళ్లకే వస్తే, విదేశీ కొనుగోలుదారు ఇల్లు వదిలి అంగడికి పోతాడు, నేతగాడు మళ్లీ ఆ అంగడికే నేసిపెట్టాలి. 2025 ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, చేనేత మీద 5 శాతం జీఎస్టీని రాష్ట్రమే భరిస్తుందని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించారు. మంచి మాట. దాని ప్రయోజనమూ నమోదు లేని మగ్గం దాకా చేరాలి.

15వ సెక్షన్‌కు నియమాలు రాసే రోజు వస్తే మొదట రాయవలసింది ఈ అంశమే. చేనేత సహకార సంఘం, ఆప్కో, లేపాక్షి ఎంపోరియం లాంటి నమోదైన సంస్థలు, నేతగాడి పేరూ ఊరూ రాసి, అతని ఇంట్లో జరిగిన అమ్మకానికి తమ బిల్లు ఇచ్చే వీలు కల్పించాలి. కనీస కొనుగోలు పరిమితి పెట్టాలనుకుంటే అది ఒక చేనేత చీర ధరను మించకూడదు, తోలుబొమ్మ దీపపు తొడుగులకు ఇంకా తక్కువ ఉండాలి. దేవనహళ్లి విమానాశ్రయంలో, పెట్టెలు అప్పగించే వరుసకు ముందే, ఒక కౌంటరు తెరవాలి. పుట్టపర్తిలో కొన్న సరుకుకు ఐజీఎస్టీ బిల్లు ఎలా ఇవ్వాలో గణేశ్ గేటు ముందరి వ్యాపారులకు వాణిజ్య పన్నుల శాఖ వచ్చి నేర్పించాలి. చట్టాన్ని మార్చనక్కర్లేదు, పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. జీఎస్టీ మండలిలో ఆంధ్రప్రదేశ్ ప్రతినిధి ఈ సెక్షన్ అంకె చెప్పి అమలు తేదీ అడిగితే పని మొదలవుతుంది.